పైన పలక కాదు, కింద పొర ముఖ్యం: బిష్టుపూర్ ఇళ్లలో లామినేట్, వినైల్ ఫ్లోరింగ్ వేసే ముందు తెలుసుకోవాల్సినవి

ఎండాకాలంలో వేయించిన చెక్క ఫ్లోరింగ్ మే నెలాఖరు దాకా అద్దంలా ఉంటుంది. జూన్‌లో వానలు మొదలై నెల తిరిగేసరికి పలకల అంచులు కొద్దిగా పైకి లేస్తాయి. ఆగస్టుకల్లా గది మధ్యలో ఒకచోట నేల ఉబ్బి, కాలు పెడితే కిందికి దిగి మళ్లీ లేస్తుంది. షాపువాడు వేసినవాడిని అంటాడు, వేసినవాడు సరుకును అంటాడు. చాలాసార్లు అసలు కారణం వీళ్లిద్దరూ చూడని చోట, అంటే పలకకూ సిమెంటు నేలకూ మధ్య ఉన్న రెండు మూడు మిల్లీమీటర్ల సందులో ఉంటుంది.

జంషెడ్‌పూర్‌లో, ముఖ్యంగా బిష్టుపూర్ వంటి పాత పేటల్లో, ఈ సమస్యకు ఊరి తీరు కూడా తోడవుతుంది. టాటా ఉక్కు కర్మాగారం 1912లో తొలి ఉక్కు తీసిన నాటి నుంచి అంచెలంచెలుగా కట్టుకుంటూ వచ్చిన పట్టణం ఇది. ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఎంత పరిచయమో, పాత ఇళ్లలోని ఎర్రటి సిమెంటు గచ్చు కూడా అంతే పరిచయం. ఆ గచ్చు వేసిన రోజుల్లో నేల కింద ప్లాస్టిక్ పొర పరిచే అలవాటు లేదు. ఇటుక ముక్కలో రాళ్లో కొట్టి, దాని మీద కాంక్రీటు పోసి, పైన రంగు కలిపిన సిమెంటు రుద్దేవారు. భూమిలోని తేమ ఆ నేలలోంచి మెల్లగా పైకి వచ్చి గాలిలో కలిసిపోయేది. నేల బయటికి తెరిచి ఉన్నంతకాలం దానివల్ల నష్టమేమీ ఉండదు. దాని మీద గాలి చొరని పలకలు పరిచిన రోజు నుంచే కథ మారుతుంది.

పదవీ విరమణ డబ్బు వచ్చాక ఇల్లు బాగుచేయించుకునే కుటుంబాలు, కంపెనీ క్వార్టర్‌లో ఉంటూ నేల పగలగొట్టకుండా మార్చాలనుకునేవారు ఈ ఫ్లోరింగ్ వైపు ఎక్కువగా మొగ్గుతారు. దుమ్ము లేకుండా రెండు రోజుల్లో పని అయిపోతుంది. ఇల్లు వదిలేటప్పుడు విప్పి తీసుకెళ్లవచ్చు. చలికాలంలో మొజాయిక్ మీదో మార్బుల్ మీదో నడిస్తే పాదాలు జివ్వుమనే పెద్దవారికి ఇది హాయిగా ఉంటుంది. ఇవన్నీ నిజమైన లాభాలే. అయితే కింద నేల సిద్ధంగా ఉంటేనే అవి దక్కుతాయి.

రెండూ ఒకలా కనిపిస్తాయి, కానీ వేర్వేరు

షాపులో లామినేట్, వినైల్ పలకలను పక్కపక్కన పెడితే చాలామంది తేడా గుర్తుపట్టలేరు. రెండింటి పైనా టేకు గీతల బొమ్మే ఉంటుంది. లోపల మాత్రం ఒకటి చెక్క, రెండోది ప్లాస్టిక్.

లామినేట్‌ను స్వీడన్‌కు చెందిన పెర్‌స్టార్ప్ కంపెనీ 1977లో రూపొందించింది. తర్వాత అది పెర్గో అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. చెక్క పీచును అదిమి తయారుచేసిన గట్టి బోర్డు, అంటే హెచ్‌డీఎఫ్, దాని గుండెకాయ. దాని మీద చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం, ఆపైన మెలమైన్ రెసిన్‌లో అల్యూమినియం ఆక్సైడ్ కలిపిన గట్టి పూత, అడుగున బోర్డు వంకరపోకుండా పట్టి ఉంచే మరో కాగితం ఉంటాయి. పైపూత గీతలను బాగా తట్టుకుంటుంది. కానీ హెచ్‌డీఎఫ్ నీళ్లు పీలిస్తే ఉబ్బుతుంది. అలా ఉబ్బిన అంచు ఆరినా పూర్వపు స్థితికి రాదు.

వినైల్ మూలపదార్థం పీవీసీ. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ పీవీసీని మెత్తగా మలిచే పద్ధతి కనుక్కున్నాక ఇది నేలల మీదికి వచ్చింది. ఇప్పుడు మూడు రూపాల్లో దొరుకుతుంది. చాపలా చుట్టి అమ్మే షీటు ఒకటి. జిగురుతో అతికించే రెండు మూడు మిల్లీమీటర్ల పలక రెండోది. మూడోది ఎస్‌పీసీ. సున్నపురాయి పొడిని పీవీసీతో కలిపి గట్టిగా తయారుచేసిన, ఒకదానికొకటి లాక్ అయ్యే నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల పలక ఇది. నీటిలో నానబెట్టినా ఎస్‌పీసీ ఉబ్బదు. చెదలు దాన్ని తినవు. ఎర్రమట్టి నేలల్లో చెదల బెడద ఉన్న జార్ఖండ్‌లో ఇది చిన్న విషయమేమీ కాదు. లామినేట్‌లో ఉన్నది చెక్క పీచే కాబట్టి గోడ మొదట్లో చెదల ఆనవాళ్లు కనిపిస్తే ముందు మందు కొట్టించాలి, లేదా లామినేట్ ఆలోచనే మానుకోవాలి.

ఇంకో తేడా ఈ ఊరి వాతావరణానికి సూటిగా తగులుతుంది. లామినేట్ తేమకు పెరుగుతుంది, వినైల్ వేడికి పెరుగుతుంది. జంషెడ్‌పూర్‌లో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, చలికాలపు రాత్రుల్లో 10 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి తడిబట్టలా ఉంటుంది. గట్టి పీవీసీ ఐదు మీటర్ల పొడవున ఉంటే, 20 డిగ్రీల తేడాకు అయిదు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల దాకా సాగగలదు. రాతిపొడి ఎక్కువగా ఉండే ఎస్‌పీసీలో ఇది తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. పడమటి కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే గదిలో తెర లేకుండా వినైల్ వేస్తే, కిటికీ ముందున్న పలకలే ముందు లేస్తాయి. వానాకాలంలో మూలన మొదలయ్యేది లామినేట్ గొడవ. ఎండాకాలంలో కిటికీ దగ్గర మొదలయ్యేది వినైల్ గొడవ.

తేమ సంగతి ముందు తేల్చుకోవాలి

నేల చూడటానికి పొడిగా ఉంటే సరిపోదు. ఇక్కడి మిస్త్రీలు 'సీలన్' అనే చెమ్మ గోడ అడుగున సున్నం రాలడంలోనూ, గచ్చు మీద తెల్లటి ఉప్పు పొడి తేలడంలోనూ బయటపడుతుంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఫ్లోరింగ్ షాపుకు వెళ్లే పని వాయిదా వేసుకోవచ్చు.

ఏమీ కనిపించకపోతే ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం డీ4263 అనే సంఖ్యతో దీన్ని నమోదు చేసింది. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నేల మీద పరిచి, నాలుగు అంచులనూ గాలి చొరకుండా వెడల్పాటి టేపుతో అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసి చూసినప్పుడు షీటు అడుగున చెమట పట్టినా, దాని కింది గచ్చు నల్లబడినా నేలలోంచి తేమ వస్తోందని అర్థం. షీటు పైభాగంలో మాత్రమే తడి ఉంటే అది గాలిలోని తేమ, నేలది కాదు. వానలు మొదలైన కొత్తలో వేడి గాలి చల్లటి గచ్చుకు తగిలి నేల చెమర్చడం ఇక్కడ మామూలే. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి కంగారు పడతారు, లేదా కలిపేసి ఊరుకుంటారు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఈ పరీక్ష ఒకే గదిలో రెండు మూడు చోట్ల చేయాలి. గది మధ్యలో, బయటి గోడ పక్కన, బాత్‌రూమ్ గోడ పక్కన తప్పనిసరి. ఆగస్టు, సెప్టెంబరులో చేస్తే అసలు నిజం తెలుస్తుంది. ఏప్రిల్‌లో చేసి 'పొడిగా ఉంది' అనుకుంటే అది ఏప్రిల్ వరకే నిజం. పెద్ద షాపుకో ఆఫీసుకో వేయిస్తుంటే గచ్చులో రంధ్రం చేసి లోపలి తేమ శాతాన్ని కొలిచే ఎఫ్2170 పరీక్ష మెరుగు. అనేక కంపెనీలు 75 శాతం లోపు ఉండాలని అడుగుతాయి. కొత్తగా పోసిన కాంక్రీటైతే అంగుళం మందానికి నెల చొప్పున ఆరనివ్వాలన్నది పాత లెక్క. వానాకాలంలో అది ఇంకా ఆలస్యమవుతుంది.

తేమ కొద్దిగా ఉంటే ప్లాస్టిక్ పొర దాన్ని ఆపుతుంది. షీటు అడుగున బొట్లు కట్టేంత ఉంటే ఏ పొరా ఆపదు. బయట గోడ వెంట నీరు నిలుస్తోందా, కొళాయి పైపు కారుతోందా, బాత్‌రూమ్ టైల్స్ సందుల్లోంచి నీరు దిగుతోందా అని వెతకాలి. కారణం దొరికి, నేల ఆరేదాకా ఆ ఎర్ర గచ్చును అలాగే ఉంచి చాప వేసుకోవడం ఉత్తమం. ఇది ఏ షాపువాడూ ఇవ్వని సలహా.

మట్టం కాదు, చదును

మిస్త్రీ రసమట్టం పెట్టి చూసి 'నేల బాగుంది' అంటాడు. కానీ ఈ ఫ్లోరింగ్‌కు నేల మట్టంగా ఉండటం కన్నా చదునుగా ఉండటం ముఖ్యం. వరండా వైపు కొద్దిగా వాలు ఉన్నా ఫరవాలేదు, గుంటలూ ఎత్తులూ ఉండకూడదు. తాపీమేస్త్రీలు వాడే రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని నేల మీద అన్ని దిక్కులా తిప్పి చూస్తే తెలిసిపోతుంది. పట్టీ కింద రెండు మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనిపించకూడదు. మందమైన ఫోమ్ వేస్తే ఆ గుంట సర్దుకుంటుందని చెప్పేవారి మాట నమ్మవద్దు. గుంట మీద పలక వంతెనలా నిలుస్తుంది. అడుగు వేసిన ప్రతిసారీ వంగుతుంది. కొన్ని నెలలకు లాక్ విరుగుతుంది.

ఎత్తులను గ్రైండర్‌తో తీయించి, గుంటలను సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్‌తో నింపించాలి. ఎర్ర గచ్చుకు ఏళ్ల తరబడి పాలిష్ పెట్టి ఉంటే కాంపౌండ్ దానికి అంటదు, జిగురూ అంటదు. ముందు పైపొర గీకి, దుమ్ము పీల్చి, ప్రైమర్ పూయాలి. పాత టైల్స్ మీద వేస్తుంటే కదిలే టైల్స్‌ను తీసి అతికించాలి, వెడల్పైన సందులను నింపాలి. నిలబడి కర్రతో తడితే బోలుగా మోగే టైల్ కదిలే టైల్ కిందే లెక్క.

పాత ఆఫీసుల్లో, కొన్ని పాత క్వార్టర్లలో ఇప్పటికీ కనిపించే పెళుసైన వినైల్ టైల్స్ విషయంలో ఒక హెచ్చరిక. భారత ప్రమాణాల్లో ఐఎస్ 3461 అనేది పీవీసీ, ఆస్బెస్టాస్ కలిపిన నేల టైల్స్‌కు సంబంధించినదే. అలాంటి టైల్స్ అనుమానం ఉన్నచోట గ్రైండర్ పెట్టకూడదు, పొడిగా గీకకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు రావచ్చు. గట్టిగా అంటుకుని ఉన్నవాటిని కదపకుండా వాటి మీదే కొత్తది పరచడం క్షేమం.

అండర్‌లేమెంట్: ఎంత, ఏది, ఎన్ని

పలకకూ గచ్చుకూ మధ్య పరిచే పొరే అండర్‌లేమెంట్. బజారులో దీన్ని 'ఫోమ్' అని ఒక్క మాటతో తేల్చేస్తారు. కొటేషన్‌లో చాలాసార్లు దాని పేరూ మందమూ ఉండవు. 'ఫోమ్ ఫ్రీ' అని మాత్రం రాస్తారు. ఆ ఫ్రీ వస్తువు మీదే మొత్తం నేల నిలుస్తుంది.

ఈ పొర చేసే పనులు మూడు. నేలలో మిగిలిన చిన్నచిన్న గరుకుతనాన్ని సర్దడం, అడుగుల చప్పుడు తగ్గించడం, తేమను ఆపడం. మొదటి రెండూ ఫోమ్ పని. మూడోది ప్లాస్టిక్ ఫిల్మ్ పని. తెల్లటి సాదా ఫోమ్ తేమను నమ్మకంగా ఆపలేదు. గచ్చు మీద లామినేట్ వేస్తే 0.2 మిల్లీమీటరు, అంటే 200 మైక్రాన్ల పాలిథీన్ ఫిల్మ్ తప్పకుండా ఉండాలి. ఫిల్మ్ అతికించిన ఫోమ్ తెచ్చుకోవచ్చు, లేదా ముందు ఫిల్మ్ పరిచి దాని మీద ఫోమ్ వేయవచ్చు. ఫిల్మ్ షీట్లు ఒకదాని మీద ఒకటి 20 సెంటీమీటర్లు ఎక్కేలా పరిచి టేపు వేయాలి. గోడ వెంట కొద్దిగా పైకి మడవాలి. స్కర్టింగ్ వేశాక మిగిలినది కోస్తారు. ఫోమ్‌ను మాత్రం అంచుకు అంచు ఆనించాలే తప్ప ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు. ఎక్కిన చోట గట్టులా తేలుతుంది.

యూట్యూబ్‌లో కనిపించే అమెరికా వీడియోలను చూసి పని చేయించేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ చాలా ఇళ్లలో అడుగున ప్లైవుడ్ నేల ఉంటుంది. అలాంటి చోట ప్లాస్టిక్ ఫిల్మ్ వేయవద్దని చెప్పే సందర్భాలు ఉంటాయి. ఇక్కడున్నది సిమెంటు నేల. ఆ సలహా ఇక్కడ పనికిరాదు.

మందం ఎంత ఉండాలన్నదే ఎక్కువమంది పొరబడే చోటు. పరుపులా మెత్తగా ఉంటే మంచిదనుకుంటారు. లామినేట్‌కు రెండు, మూడు మిల్లీమీటర్లు చాలు. క్లిక్ వినైల్‌కు ఒకటి, ఒకటిన్నర. పొర మెత్తగా ఉన్నకొద్దీ పలక ఊగుతుంది. పలకల మధ్య లాక్‌లు 1990ల చివర్లో వచ్చిన క్లిక్ పద్ధతివి. అంతకుముందు నాలుకకూ గాడికీ జిగురు పూసి కలిపేవారు. ఇప్పుడు ఆ సన్నటి అంచు ఒక్కటే పలకలను పట్టి ఉంచుతుంది. చౌక ఫోమ్‌కు ఇంకో జబ్బు, ఏడాది తిరిగేసరికి నడిచే దారిలో నలిగిపోతుంది. రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి వదిలితే తిరిగి లేవని ఫోమ్ కొనకపోవడం మంచిది. బరువును తట్టుకునే శక్తి పెట్టె మీద కిలోపాస్కల్స్‌లో రాసి ఉంటే అది చూసి కొనాలి. సంఖ్య ఎక్కువైతే గట్టిదని అర్థం.

చాలా ఎస్‌పీసీ పలకలకు అడుగున ఐఎక్స్‌పీఈ అనే సన్నటి ఫోమ్ కంపెనీలోనే అతికించి వస్తుంది. దాని కింద మళ్లీ ఫోమ్ వేయకూడదు. రెండు మెత్తటి పొరలు కలిస్తే లాక్‌లు తెగుతాయి, వారంటీ కూడా పోతుంది. అలాంటి పలక కింద కావాలంటే తేమ ఆపే ఫిల్మ్ మాత్రం పరచవచ్చు. కింది అంతస్తులో పరచాలి కూడా. జిగురుతో అతికించే వినైల్‌కు అసలు ఫోమే ఉండదు. అది నేరుగా గచ్చుకే అంటుకోవాలి. అందుకే చెమ్మ ఉన్న నేల మీద అది అన్నిటికన్నా ముందు ఊడుతుంది.

రబ్బరు పొర చప్పుడును బాగా తగ్గిస్తుంది కానీ వినైల్‌కు తగిలితే దాన్ని పసుపుగా, గోధుమగా మరకలు పడేలా చేస్తుంది. ఆ మరక ఏ మందుకూ పోదు. గుమ్మం దగ్గర వేసే రబ్బరు అడుగు ఉన్న డోర్‌మ్యాట్ కూడా అదే పని చేస్తుంది. కార్క్ మంచిదే, ఖరీదు ఎక్కువ, దాని కిందా ఫిల్మ్ కావాలి.

పరిచే రోజు

పెట్టెలు వచ్చిన రోజే పని మొదలుపెట్టే తొందర చాలా ఇళ్లలో కనిపిస్తుంది. కనీసం 48 గంటలు పెట్టెలను వేయబోయే గదిలోనే పడుకోబెట్టి ఉంచాలి, నిలబెట్టకూడదు, బాల్కనీలో పెట్టకూడదు. గది తేమకూ వేడికీ పలక అలవాటు పడటానికి ఈ సమయం. జంషెడ్‌పూర్ వాతావరణానికి అక్టోబరు, నవంబరు, లేదంటే ఫిబ్రవరి, మార్చి మొదటి భాగం అనువైన కాలం. నడి వానల్లో ఉబ్బి ఉన్న లామినేట్‌ను పరిస్తే ఏప్రిల్ నాటికి కుంచించుకుని సందులు కనిపిస్తాయి. డిసెంబరు చలిలో గోడకు ఆనించి వేసిన వినైల్‌కు మే నెలలో చోటు చాలదు.

చుట్టూ గోడకు వదిలే సందే ఈ నేలకు ఊపిరి. లామినేట్‌కు గది వెడల్పులో మీటరుకు ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున ప్రతి వైపూ వదలాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మామూలు గదికి పది మిల్లీమీటర్లు అనుకోవచ్చు. ఎస్‌పీసీకి ఆరు నుంచి ఎనిమిది. పెట్టెలోని కాగితం వేరే సంఖ్య చెబితే ఆ సంఖ్యే పాటించాలి. గోడకే కాదు, స్తంభానికీ గుమ్మానికీ పైపుకూ కూడా ఈ సందు వదలాలి. సిమెంటుతోనో పుట్టీతోనో దాన్ని పూడ్చేసే మిస్త్రీలు ఉన్నారు. చక్కగా కనిపిస్తుందని వారి ఉద్దేశం. మొదటి వానాకాలానికే నేల గుడారంలా లేస్తుంది.

మొదటి వరుస వేయకముందే లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు గది వెడల్పు 3,140 మిల్లీమీటర్లు, పలక వెడల్పు 193 అనుకుందాం. రెండు వైపులా పది చొప్పున సందు పోగా 3,120 మిగులుతుంది. అందులో 16 పలకలు పడితే 3,088 అవుతుంది, చివర 32 మిల్లీమీటర్ల చీలిక మిగులుతుంది. యాభైకి తక్కువున్న చీలిక గోడ దగ్గర నిలవదు. అందుకే ఒక పూర్తి పలకను ఆ చీలికతో కలిపి, వచ్చిన 225ను రెండుగా పంచాలి. మొదటి వరుస 112, చివరి వరుస 113, మధ్యలో 15 పూర్తి వరుసలు. పదినిమిషాల లెక్క సాయంత్రం పూట ఇబ్బందిని తప్పిస్తుంది. కోతల్లో పోయేదానికి అయిదు నుంచి పది శాతం ఎక్కువ కొనాలి. మిగిలిన ఒకటి రెండు పలకలను పారేయకుండా మంచం కింద దాచుకోవాలి. అదే రంగు అయిదేళ్ల తర్వాత దొరకదు.

పక్కపక్క వరుసల్లో అతుకులు ఒకే గీతలో పడకూడదు, కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. వరుస చివర కోసిన ముక్క 30 సెంటీమీటర్లకు మించి ఉంటే తర్వాతి వరుసను దానితోనే మొదలుపెట్టవచ్చు. పలకను నేరుగా సుత్తితో కొట్టకూడదు. మధ్యలో దిమ్మ పెట్టి మెల్లగా తట్టాలి, గోడ దగ్గర పుల్ బార్ వాడాలి. ఒక్కసారి అంచు చితికితే ఆ అతుకు ఎప్పటికీ కలవదు.

తలుపు గుమ్మం దగ్గరే పనితనం తెలుస్తుంది. పలకను గుమ్మం ఆకారానికి కోసి పుట్టీ పెట్టడం కన్నా, చెక్క గుమ్మం అడుగు భాగాన్ని పలక మందం మేరకు కోసి పలకను దాని కిందికి జరపడం మేలు. ఎనిమిది మిల్లీమీటర్ల లామినేట్, రెండు మిల్లీమీటర్ల ఫోమ్ కలిస్తే నేల ఒక సెంటీమీటరు లేస్తుంది. తలుపు అడుగున అంత సందు లేకపోతే తలుపు విప్పి చిత్రిక పట్టించాలి. గదికీ గదికీ మధ్య టీ ఆకారపు పట్టీ వేసి నేలను విడదీయాలి. ఇల్లంతా ఒకే పరుపులా కనిపించాలని ఆ పట్టీ వద్దనే ఇంటివారి మాట చాలాసార్లు తర్వాతి ఉబ్బుకు కారణం. బాత్‌రూమ్ గుమ్మం దగ్గర సందులో సాగే సిలికోన్ నింపడం అవసరం. పాత ఇళ్లలో గోడకు ముందే సిమెంటు స్కర్టింగ్ ఉంటుంది. దాన్ని పగలగొట్టనక్కర్లేదు. దాని ముందు చిన్న బీడింగ్ వేస్తే సందు కనబడదు. ఆ బీడింగ్‌ను గోడకే అంటించాలి, నేలకు మేకు కొట్టకూడదు.

బీరువా, దీపం, బకెట్టు

ఇది తేలే నేల. గచ్చుకు అంటుకోదు, తన బరువుతోనే నిలుస్తుంది, ఋతువును బట్టి కదులుతుంది. దాన్ని రెండు వైపులా కదలకుండా పట్టేస్తే మధ్యలో లేస్తుంది. ఒక గోడకు బట్టలతో నిండిన స్టీలు బీరువా, ఎదుటి గోడకు ఇంకొకటి పెడితే సరిగ్గా అదే జరుగుతుంది. బరువులన్నీ ఒకే గోడ వైపు ఉంచి, కాళ్ల కింద వెడల్పాటి దిమ్మలు పెట్టాలి. గోడకు బిగించే వార్డ్‌రోబ్‌నూ వంటింటి అల్మారాలనూ ముందే గచ్చు మీద నిలిపి, వాటి దాకా మాత్రమే పలకలు వేయాలి.

పూజగది మూలన రాయో టైలో ఉండనివ్వడమే తెలివైన పని. కర్పూరపు నిప్పురవ్వ పడితే వినైల్ కరిగి గుంట పడుతుంది. దీపారాధన నూనె అతుకుల్లోకి దిగుతుంది. తెలుగు ఇళ్లలో శుక్రవారమో పండగ ముందో బకెట్టు నీళ్లు పోసి ఇల్లు కడిగే అలవాటు ఉంది. లామినేట్ ఉన్న ఇంట్లో ఆ అలవాటుకు స్వస్తి చెప్పాల్సిందే. గట్టిగా పిండిన బట్టతో తుడవడం వరకే. పెట్టె మీద 'వాటర్‌ప్రూఫ్' అని రాసి ఉన్న ఎస్‌పీసీకి కూడా ఇది వర్తిస్తుంది. నీటికి చెడనిది పలక మాత్రమే, నేల మొత్తం కాదు. పోసిన నీరు అంచుల్లోంచి కిందికి దిగి, ఫిల్మ్ మీద నిలిచి, వారం తర్వాత ముక్కవాసన మొదలవుతుంది. ఇల్లు తుడవడానికి వచ్చే మనిషికి ఈ సంగతి మొదటి రోజే చెప్పకపోతే తప్పు ఆమెది కాదు.

కొనే ముందు చూడాల్సినవి కొద్దే. లామినేట్‌కు ఏసీ గ్రేడు ఉంటుంది. ఇంటికి ఏసీ3 చాలు, దుకాణానికి ఏసీ4. వినైల్‌కు మొత్తం మందం కన్నా పైపొర మందం ముఖ్యం. ఇంటికి 0.3 మిల్లీమీటరు, దుకాణానికి 0.5. ఆరు మిల్లీమీటర్ల ఎస్‌పీసీ అని గొప్పగా అమ్మేదానిలో మిల్లీమీటరున్నర అడుగు ఫోమే కావచ్చు. లామినేట్ బోర్డులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది కాబట్టి ఈ1 ముద్ర ఉన్నదే తీసుకోవాలి. కొటేషన్‌లో ఫోమ్ రకం, మందం, ఫిల్మ్ మైక్రాన్లు, వదిలే సందు, చదును చేసే ఖర్చు ఎవరిదో విడివిడిగా రాయించుకోవాలి. ప్లాస్టిక్ షీటు పరీక్ష చేసిన రోజు తేదీ కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. వారంటీ అడిగినప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న నేల తేమ గురించే.

బిష్టుపూర్‌లో కింది అంతస్తు పాత ఇంటికైతే, నేల పరీక్షలో నెగ్గాక ఫిల్మ్ మీద ఎస్‌పీసీ సరైన ఎంపిక. పై అంతస్తు పడకగదులకు, నీళ్లతో పని తక్కువ ఉన్నచోట లామినేట్ బాగుంటుంది, కాలికి వెచ్చగా ఉంటుంది, గీతలు తక్కువ పడతాయి. మెయిన్ రోడ్డు దుకాణాల్లో జనం తిరిగే చోట, గచ్చు పొడిగా ఉంటే జిగురుతో అతికించే వినైల్ ఎక్కువకాలం మన్నుతుంది. బాత్‌రూమ్‌కూ, పంపు ఉన్న పెరటి వరండాకూ ఈ మూడింటిలో ఏదీ వద్దు.